సన్నబడుటకు మందు: నూరేండ్ల చరిత్ర చెప్పు తీర్పు

బరువు తగ్గుటకు మాత్రలు మ్రింగవచ్చునా? మ్రింగినచో పెట్టిన వ్యయమునకు తగిన ఫలము దక్కునా? ఒకప్పుడు ఈ ప్రశ్న మహానగరములలోని సంపన్న గృహములకే పరిమితమై యుండెను. నేడు జగిత్యాల జిల్లాలోని పెగడపల్లి వంటి ఊళ్ళలోను దీనిని గూర్చి ఆలోచింపవలసిన అవసరము ఏర్పడినది. మన ప్రాంతమున గోలీ అనిన చాలు, రోగమునకు విరుగుడు అని అర్థము. తలనొప్పికి గోలీ, జ్వరమునకు గోలీ ఉండగా లావు తగ్గుటకు మాత్రము ఒక గోలీ ఎందుకు ఉండరాదు అని తోచుట సహజమే. మనకంటె ముందు ఈ ఆలోచన అనేక దేశములవారికి తోచినది. వారు అట్టి గోలీలను చేసిరి, అమ్మిరి, మ్రింగిరి. కొందరు వాటివలననే ప్రాణములు కోల్పోయిరి. ఆ చరిత్రను తెలిసికొనినచో నేటి మందులను తూచుటకు మన చేతికొక త్రాసు లభించును.

స్థూలకాయమును రోగముగా ఎంచుట పాశ్చాత్యులు నేర్పిన విద్య కాదు. చరకసంహిత సూత్రస్థానములోని ఇరువదియొకటవ అధ్యాయము మిక్కిలి లావైనవారిని, మిక్కిలి బక్కచిక్కినవారిని గూర్చి వివరించుచున్నది. అతిస్థూలునకు ఆయుస్సు తగ్గుట, బలము లేకపోవుట, చెమట హెచ్చుట, ఆకలిదప్పులు మితిమీరుట మొదలగు ఎనిమిది దోషములను ఆ గ్రంథము లెక్కించినది. త్రిఫల, తేనె వంటి ద్రవ్యములను చికిత్సగా చెప్పినది. కాని అంతటితో ఊరకుండలేదు. యవలు మొదలగు ధాన్యములను, వ్యాయామమును, నిద్ర తగ్గించుటను వాటితోపాటే విధించినది. ఆ ద్రవ్యములు ఎంత మేలు చేయునను విచారమును అట్లుంచినను, మందు ఒక్కటే చాలునన్న మాట ఆ ప్రాచీనులు చెప్పలేదని గమనింపవలెను.

మన తాతల కాలమున ఈ ప్రాంతపు బాధ లావు కాదు, లేమి. జొన్నగట్క, మక్కగట్క, అంబలి నిత్యాహారములు. వరియన్నము పండుగనాటి భోజనము. 1918లో నీలగిరులలోని కూనూరులో చిన్న పరిశోధన విభాగముగా పుట్టిన పోషకాహార సంస్థ 1958లో హైదరాబాదునకు తరలివచ్చినప్పుడు దాని యెదుట నిలిచిన సమస్యలును లేమికి సంబంధించినవే. 1960 ప్రాంతమున ఆ సంస్థలోని డాక్టరు సి. గోపాలన్, డాక్టరు ఎస్. జి. శ్రీకంటియా గారలు జొన్నలే ప్రధానాహారముగా గల పేదలకు పెల్లాగ్రా అను వ్యాధి ఎందుకు వచ్చుచున్నదో పరిశోధించుచుండిరి. సన్నబడుట ఎట్లు అను ప్రశ్నను ఆనాడు ఇక్కడి రైతుకూలీని ఎవరైనను అడిగియున్నచో అతడు దానిని పరిహాసముగా భావించియుండును.

పిమ్మట కాలము మారెను. 1963లో పోచంపాడు వద్ద శంకుస్థాపన జరిగిన శ్రీరామసాగరపు నీరు కాకతీయ కాలువ మీదుగా జగిత్యాల ప్రాంతపు పొలములకు చేరెను. మెట్టపంటలు తగ్గి వరి పెరిగెను. 1983లో వచ్చిన రెండు రూపాయలకు కిలో బియ్యము పథకము తెల్లని అన్నమును పేదయింటికి చేర్చెను. గల్ఫు దేశములకు వలసపోయినవారి సంపాదన ఇండ్లలో వసతులను పెంచెను. నాగలికి బదులు ట్రాక్టరు, కాలినడకకు బదులు మోటారుసైకిలు వచ్చెను. ఇక్కడి స్త్రీలలో అనేకులకు జీవనోపాధియైన బీడీలు చుట్టు పని దినమంతయు కూర్చుండి చేయునది. ఆకలి తగ్గుట గొప్ప మేలు. దానిని కాదనువాడు ఆకలిని ఎరుగనివాడు. అయితే భోజనము పెరిగి దేహశ్రమ తగ్గినచో మిగిలినది కొవ్వుగా నిలువయగుట తప్పదు.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణములో 15 మొదలు 49 ఏండ్ల వయసు గల స్త్రీలలో నూటికి 30 మంది అధిక బరువు గలవారు లేక స్థూలకాయులు. ఆ సర్వేయే మరి రెండు సంగతులను తెలిపినది. అదే వయసు స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనులు. 18 మందికి పైగా ఉండవలసినదానికంటె తక్కువ బరువు గలవారు. అనగా లేమియు, అధికమును ఒకే ఊరిలో, ఒక్కొక్కప్పుడు ఒకే దేహములో కాపురమున్నవి. బరువు ఎక్కువై రక్తము తక్కువైన స్త్రీకి ఆకలిని చంపు గోలీ ఇచ్చినచో ఏమి జరుగునో ఊహింపవచ్చును. ఈ ప్రశ్న కేవలము అందమునకు సంబంధించినది కాదనుటకు ఈ లెక్కలే చాలును.

ఇక మందుల కథకు వత్తము. పందొమ్మిదవ శతాబ్దము చివర గొంతులోని థైరాయిడ్ గ్రంథి సారమును ఆ గ్రంథి చెడినవారికి ఇచ్చి వైద్యులు గుణము కనుగొనిరి. ఆ సారము తీసికొన్నవారు చిక్కుట చూచి, గ్రంథి సరిగానే ఉన్న స్థూలకాయులకును దానిని ఇయ్యసాగిరి. బరువు తగ్గెను, దానితోపాటు గుండెదడ, వణకు, కండరముల క్షయము కూడ వచ్చెను. రోగికి మందైనది ఆరోగ్యవంతునకు విషమగునని ఈ కథలోని మొదటి పాఠము.

రెండవ పాఠము ఇంకను కఠినమైనది. మొదటి ప్రపంచయుద్ధ కాలమున ఫ్రాన్సు దేశపు మందుగుండు కర్మాగారములలో డైనైట్రోఫినాల్ అను పసుపుపచ్చని రసాయనముతో పనిచేసిన కూలీలు చిక్కిపోవుచుండిరి, చెమటలతో తడిసిపోవుచుండిరి, కొందరు మరణించిరి. ఈ రసాయనమునే 1933లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన కట్టింగు, టెయింటరు అను శాస్త్రజ్ఞులు బరువు తగ్గించు మందుగా పరీక్షించిరి. మరుసటి ఏటికే దాదాపు లక్షమంది దానిని వాడిరని అంచనా. బరువు నిజముగనే తగ్గినది. కాని కొందరికి దేహతాపము ఆపరాని విధముగా పెరిగి ప్రాణము పోయెను. మరి కొందరికి పడుచు వయసుననే కంటిలో శుక్లములు ఏర్పడెను. 1938లో అమెరికా ప్రభుత్వము కొత్త చట్టము వచ్చిన పిమ్మట ఇది మానవులు వాడదగినది కాదని తీర్మానించెను.

ఈ మందు పనిచేయు రహస్యమునకును ఒక తెలుగువానికిని సంబంధము కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కే గారితో కూడి పనిచేయుచు 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి. అను పదార్థమును కండరములలో కనుగొనిరి. అదే ఏట జర్మనీలో కార్ల్ లోమన్ గారును ఏ.టి.పి.ని విడిగా కనుగొనిరి. మనము తిన్న అన్నములోని శక్తి ఈ ఏ.టి.పి. రూపమునకు మారిన గాని కండరము కదలదు, గుండె కొట్టుకొనదు. డైనైట్రోఫినాల్ ఈ మార్పునే అడ్డుకొనును. పొయ్యిలో కట్టెలు భగభగ మండుచున్నను కుండలోని బియ్యము ఉడుకక, ఇల్లు మాత్రము వేడెక్కినట్లు, దేహములోని కొవ్వు కాలును, శక్తి పుట్టదు, తాపము మాత్రము పుట్టును. ఈ సంగతిని లూమిస్, లిప్మన్ అను శాస్త్రజ్ఞులు వెల్లడించినది 1948లో. సుబ్బారావు గారు కన్నుమూసినదియు ఆ ఏటనే. ప్రజలు ఆ మందును మ్రింగినది 1933లో. మ్రింగుటకును తెలియుటకును నడుమ పదునైదేండ్ల చీకటి ఉన్నది.

డైనైట్రోఫినాల్ పోయిన చోటికి యాంఫిటమిన్లు వచ్చెను. ఇవి మెదడును రెచ్చగొట్టి ఆకలిని అణచును. నిద్ర పట్టకపోవుట, గుండెదడ, రక్తపు పోటు, చివరకు మందు లేనిదే నిలువలేని వ్యసనము వీటి ఫలితములు. 1940 మొదలు 1960ల వరకు అమెరికాలో కొన్ని చికిత్సాలయములు యాంఫిటమిన్‌ను, థైరాయిడ్‌ను, మూత్రము జారీచేయు మందులను, గుండె మందును కలిపి రంగురంగుల గోలీలుగా పంచిపెట్టెను. కొందరు మరణించిన పిమ్మట 1968లో అమెరికా సెనేటు దీనిపై విచారణ జరిపెను. గోలీ రంగు ఎంత అందముగా ఉన్నను లోపల ఏమున్నదో మ్రింగువారికి తెలియలేదు.

ఐరోపాలో 1965లో అమినోరెక్సు అను మరియొక మాత్ర వచ్చెను. స్విట్జర్లాండు, ఆస్ట్రియా, పశ్చిమ జర్మనీ దేశములలో ఊపిరితిత్తుల రక్తనాళములలో పోటు హెచ్చు అరుదైన వ్యాధి దాని వెంట అనేక రెట్లు పెరిగెను. 1968లో దానిని ఉపసంహరించిరి. ఆ పాఠము మరపునకు రాగానే అమెరికాలో ఫెన్‌ఫ్లూరమిన్, ఫెంటెర్మిన్ అను రెంటిని కలిపి వాడు పద్ధతి వ్యాపించెను. 1996లో ఒక్క ఏడాదియందే ఆ మందులకు కోటి ఎనుబది లక్షలకు మించిన చీట్లు వ్రాయబడెను. 1997 జూలైలో మేయో క్లినిక్ వైద్యులు ఈ జంటను వాడిన 24 మంది స్త్రీలలో గుండె కవాటములు చెడినట్లు ప్రకటించిరి. ఆ సెప్టెంబరులోనే ఫెన్‌ఫ్లూరమిన్ అంగడినుండి తొలగింపబడెను.

తరువాతి రెండు పేర్లు మన దేశపు మందుల అంగళ్ళలోను వినబడినవే. రిమొనాబాంట్ 2006లో ఐరోపాలో అనుమతి పొందెను. అది ఆకలితోపాటు మనసులోని ఉల్లాసమును కూడ అణచి కొందరిని తీవ్రమైన క్రుంగుబాటునకు లోనుచేయుట చూచి 2008లో అచట నిలిపివేసిరి. 2009 డిసెంబరులో భారత ప్రభుత్వము నిషేధించెను. సిబుట్రమిన్ కథ మరింత బోధకరమైనది. అది 1997లో అమెరికాలో అనుమతి పొంది, పదేండ్లకు పైగా అమ్ముడుపోయిన మందు. గుండెజబ్బు లేక మధుమేహము గల దాదాపు పదివేలమందిని సగటున మూడేండ్లకు పైగా పరిశీలించిన పరీక్ష ఫలితము 2010లో వెలువడెను. ఉత్తుత్తి మాత్ర తీసికొన్నవారిలో నూటికి 10 మందికి గుండెపోటు, పక్షవాతము వంటి ఆపదలు రాగా, సిబుట్రమిన్ తీసికొన్నవారిలో 11.4 మందికి వచ్చెను. బరువు తగ్గినది గాని గుండెకు కీడే జరిగినది. ఆ ఏటనే ఐరోపా, అమెరికాలలో అది ఆగిపోయెను. 2011 ఫిబ్రవరిలో మన దేశమున నిషేధింపబడెను.

ఈ కథలన్నిటిని ఒకచోట చేర్చి చూచినచో మూడు సంగతులు తేటపడును. మొదటిది, ఈ మందులలో ఏదియు వట్టి మోసము కాదు; ప్రతిదియు బరువును కొంత తగ్గించినదే. రెండవది, కీడు వెంటనే కానరాలేదు. ఏండ్లు గడచిన పిమ్మట, వేలమందిని లెక్కించిన పిమ్మట బయటపడెను. మూడవది, ఆ జ్ఞానమునకు మూల్యము చెల్లించినవారు మొదట మ్రింగినవారే. కనుక త్రాసు తూచిన ముల్లు ఎంత దిగినదని మాత్రమే అడుగరాదు. ఆయుస్సు పెరిగినదా, గుండె కుదుటపడినదా అని అడుగవలెను.

ఈ త్రాసులో నేటి మందులను వేసి చూతము. 1999లో అమెరికాలో అనుమతి పొందిన ఆర్లిస్టాట్ అను మాత్ర మన దేశమునను దొరకును. అది మెదడుపై గాని గుండెపై గాని పనిచేయదు; తిన్న కొవ్వులో దాదాపు మూడవవంతు ప్రేగులలో ఇంకకుండ ఆపును. ఫలము స్వల్పము. ఆహార నియమముతోపాటు ఏడాది వాడినచో, నియమము ఒక్కటే పాటించినవారికంటె సుమారు మూడు కిలోలు అధికముగా తగ్గుదురు. నూనె కలిసిన విరేచనములు, కొన్ని విటమినుల లోపము దీనివలని ఇబ్బందులు. ముఖ్యముగా గమనింపవలసినది వేరొకటి. ఇది కొవ్వును ఆపును గాని అన్నమును ఆపదు. మూడు పూటల వరియన్నముతో లావెక్కినవారికి ఈ మాత్రవలన మేలు మరింత తక్కువ.

రెండవ జాతి మందులు కొత్తవి. భోజనము చేసినప్పుడు ప్రేగులనుండి వెలువడి, కడుపు నిండినదని మెదడునకు తెలుపు ఒక స్రావము కలదు. దానిని పోలిన సెమాగ్లుటైడ్‌ను, టిర్జెపటైడ్‌ను మొదట మధుమేహమునకు చేసిరి. 2021లో ప్రకటితమైన పరీక్షలో వారమునకొక సూదిమందుగా సెమాగ్లుటైడ్ తీసికొన్నవారు 68 వారములలో సగటున నూటికి 14.9 వంతుల బరువు తగ్గిరి. ఉత్తుత్తి సూది తీసికొన్నవారు 2.4 వంతులు తగ్గిరి. 80 కిలోల మనిషికి ఇది దాదాపు 12 కిలోలు. టిర్జెపటైడ్ గరిష్ఠ మోతాదులో 72 వారములకు నూటికి 20.9 వంతులు తగ్గినట్లు 2022లో తెలిసెను. సెమాగ్లుటైడ్ మధుమేహపు మాత్రగా 2022లోను, బరువు తగ్గించు సూదిగా 2025 జూన్‌లోను మన దేశమునకు వచ్చెను. టిర్జెపటైడ్ 2025 మార్చిలో వచ్చెను.

సిబుట్రమిన్‌ను అడిగిన ప్రశ్ననే వీటిని కూడ అడుగవలెను గదా. అడిగిరి. గుండె, రక్తనాళముల జబ్బు ఉండి, మధుమేహము లేని 17,604 మంది అధిక బరువు గలవారిపై సెమాగ్లుటైడ్‌ను మూడేండ్లకు పైగా పరీక్షించి 2023లో ఫలితము ప్రకటించిరి. గుండెపోటు, పక్షవాతము, గుండెజబ్బువలని మరణము అను ఆపదలు నూటికి 20 వంతులు తగ్గెను. అదే ప్రశ్న, వేరు జవాబు. సన్నబడు మందుల చరిత్రలో ఇది నిజముగా కొత్త అధ్యాయము. దానిని ఒప్పుకొనకుండుట న్యాయము కాదు.

అయినను చరిత్ర నేర్పిన జాగ్రత్తను విడువరాదు. వాంతులు, వికారము, విరేచనములు లేక మలబద్ధము వీటితో సామాన్యము. పిత్తకోశమున రాళ్ళు, క్లోమము వాచుట కొందరికి సంభవించును. కొవ్వుతోపాటు కండయు తగ్గును. గర్భిణులు వాడరాదు, కుటుంబములో కొన్ని జాతుల థైరాయిడ్ పుట్టకురుపు ఉన్నవారు వాడరాదు. అన్నిటిని మించిన సంగతి, మందు ఆపినచో బరువు తిరిగి వచ్చును. సెమాగ్లుటైడ్ ఆపిన ఏడాదికి తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు మరల వచ్చినట్లు పరీక్షలో తేలెను. కనుక పెండ్లికి ముందు మూడు నెలలు వాడి మానుటవలన లాభము లేదు. రక్తపు పోటు మందువలె ఇది ఏండ్ల తరబడి సాగవలసిన చికిత్స. టిర్జెపటైడ్ మన దేశమున విడుదలైననాడు 2.5 మిల్లీగ్రాముల సీసా ధర 3,500 రూపాయలు, 5 మిల్లీగ్రాములది 4,375 రూపాయలు; వారమునకొకటి చొప్పున నెలకు 14,000 మొదలు 17,500 రూపాయలు. బీడీలు చుట్టి బ్రతుకు ఇల్లాలికి అది నెలల తరబడి చేసిన కష్టము. సెమాగ్లుటైడ్ పేటెంటునకు మన దేశమున గడువు 2026 మార్చి వరకే. ధర దిగినకొలది అవసరము లేనివారి చేతికి చేరు ప్రమాదము పెరుగును.

మరి ఎవరికి ఇది తగును? కిలోలలోని బరువును, మీటర్లలోని ఎత్తు వర్గముచే భాగింపగా వచ్చు అంకె 30 లేక అంతకు మించినవారికి, లేదా 27 దాటి మధుమేహము, రక్తపు పోటు వంటి జబ్బు ఉన్నవారికి ఈ సూదిమందు అనుమతింపబడినది. ఐదడుగుల స్త్రీకి 30 అనగా సుమారు 70 కిలోలు, 27 అనగా సుమారు 63 కిలోలు. అట్టివారు నియమములతో ప్రయత్నించియు ఫలము పొందనప్పుడు, చదివిన వైద్యుని పర్యవేక్షణలో, రక్తపరీక్షలతో వాడుట ప్రయోజనకరమే. నాలుగైదు కిలోలు తగ్గి అద్దములో అందముగా కనిపింపవలెనని కోరువారికి ఇది తగదు. వారికి లాభము కొద్ది, అపాయము మాత్రము అందరికిని సమానము.

వైద్యుడు వ్రాయని పొడులను, మూలికల పేర అమ్మబడు గోలీలను గూర్చి ఒక్క మాట. స్థూలకాయమును నయముచేయుదుమని ప్రజలకు మందులు ప్రకటించుటను మన దేశమున 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టము నిషేధించినది. కనుక అట్టి ప్రకటనయే మనకు మొదటి హెచ్చరిక. కేవలము మూలికలని చెప్పి అమ్మిన అనేక సరకులలో, నిషేధింపబడిన సిబుట్రమిన్ దాగియున్నదని అమెరికా ఔషధశాఖ పరీక్షలలో పలుమార్లు బయటపడినది. చచ్చినదనుకొన్న పాము కొత్త బుట్టలో తిరిగి వచ్చినట్లే. ఎవరైనను గోలీ చేతికిచ్చినప్పుడు నాలుగు ప్రశ్నలు అడుగుదము. ఇందులో ఉన్న మందు పేరేమి? దీనిని ఎన్నేండ్లు ఎందరిపై పరీక్షించిరి? ఆపినచో ఏమగును? నా రక్తము, నా గుండె దీనిని తాళునా? జవాబు రాని గోలీని తిరిగి ఇచ్చివేయుట మేలు.

చరిత్ర చెప్పు తీర్పు ఇది. ఈ మందులలో కొన్ని నేడు రోగికి నిజమైన సహాయములు. ఏ ఒక్కటియు కంచమునకు, కాలినడకకు బదులు కాదు. కొత్త మందులపై జరిగిన పరీక్షలలోను ఆహార నియమము, వ్యాయామము మందుతోపాటే సాగినవి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన పదునేడు సూత్రములును కూరగాయలను, పప్పులను పెంచి, నూనెను, చక్కెరను, ఉప్పును తగ్గించి, దేహమును కదల్చుమనియే చెప్పుచున్నవి. కాలువ నీరు మన కంచములోనికి అన్నమును తెచ్చినది. ఆ మేలును పోగొట్టుకొననక్కరలేదు. రెండు పిడికిళ్ళ అన్నము తగ్గించి ఒక గరిట పప్పు, ఒక గరిట కూర పెంచుకొని, వారమున కొన్ని పూటలకు జొన్నరొట్టెను తిరిగి పిలుచుకొందము. బీడీల చాట ముందునుండి గంటకొకసారి లేచి నాలుగడుగులు వేయుదము. వీటికి చీటి అక్కరలేదు, గడువు తేదీ లేదు. ఇవి చేసియు వ్యాధి తగ్గనినాడు, మందు కొరకు వైద్యుని యొద్దకు పోవుటకు సిగ్గుపడవలసిన పనియు లేదు.